ఓడకుండానే ఎందుకు మానేశాడు?

ప్రశ్న: యూఎఫ్‌సీ (గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన పోటీలు పెట్టే సంస్థ) ఫైటర్ ఖబీబ్ ఒక్క ఫైట్ కూడా ఓడలేదు కదండీ, 32 ఏళ్లకే రిటైర్ ఎందుకయ్యాడు? గాయమా?

జవాబు: గాయం కాదండీ, నాన్న లేరని. రష్యాలోని దాగెస్తాన్‌లో చిన్నప్పట్నుంచీ కుస్తీ నేర్పింది తండ్రి అబ్దుల్‌మనాప్ గారే, 2020 జులైలో కోవిడ్ ముదిరి ఆయన పోయారు. అక్టోబర్‌లో అబుదాబిలో ప్రత్యర్థి గేత్జీని రెండో రౌండ్లో కాళ్లతో మెడ బిగించి స్పృహ తప్పించాడు, గెలిచి కూడా మ్యాట్ మీద కూలబడి ఒకటే ఏడుపు, తర్వాత గ్లవ్స్ విప్పేసి నాన్న లేకుండా ఆడనని అమ్మకి మాటిచ్చా అన్నాడు. 29 ఫైట్లు, 29 గెలుపులు. 2018లో ఐర్లాండ్ స్టార్ ఫైటర్ మెక్‌గ్రెగర్‌ని లొంగదీసింది అందరికీ గుర్తే, నాకైతే ఈ మాట నిలబెట్టుకోవడమే అంతకన్నా గొప్ప, యూఎఫ్‌సీ బాస్ డేనా వైట్ ఎంత అడిగినా మళ్లీ దిగలేదు. 2022లో తన జట్టు ఫైటర్ ఇస్లాం మఖచెవ్, ఒకప్పుడు ఖబీబ్‌దైన లైట్‌వెయిట్ టైటిల్ గెలిచినప్పుడు కార్నర్లో నిలబడింది మాత్రం ఖబీబే.