డేట్ దాటిన పప్పులు, పిండి, నూనె వాడొచ్చా?

వంటింట్లో డేట్ దాటిన సరుకులన్నీ పారేయాలా అంటే, అక్కర్లేదు. ముందు ప్యాకెట్ మీద ఏ మాట ఉందో చూడండి. ‘బెస్ట్ బిఫోర్’ అయితే ఆ తేదీ దాకా రుచి, నాణ్యత తగ్గవని అర్థం, మర్నాటికే విషమైపోదు. ‘ఎక్స్‌పైరీ’, ‘యూజ్ బై’ అని ఉంటే మాత్రం దాటాక వాడకండి.

ఉప్పు, పంచదారల గురించి టెన్షన్ వద్దు, తడి తగలకుంటే చాలు. బియ్యమైతే పాతవే కావాలని అడిగి మరీ కొంటాం కదా! గోధుమపిండి అలా కాదు. గింజలోని నూనె అందులో ఉంటుంది కాబట్టి ముక్క వాసన వస్తుంది, చేదెక్కుతుంది. అప్పుడు వదిలేయడమే.

పల్లీల దగ్గర మాత్రం నేను రాజీపడను. బూజు పట్టినా, రంగు మారినా, ముడుచుకుపోయినా అందులో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. కాబట్టి పైపైన బూజు దులిపి పచ్చడి చేసేయకండి. ఎండుమిర్చికి బూజు పట్టినా ఇదే మాట.

ఉబ్బిన టిన్ను కనిపిస్తే రుచి కూడా చూడొద్దు. అందులో బొటులినమ్ అనే బ్యాక్టీరియా విషం ఉండొచ్చు, దానికి వాసన ఉండకపోవచ్చు. పసిపిల్లల పాలపొడి తేదీ దాటితే ఒక్కరోజు కూడా వాడకండి.