బాగున్న బిడ్డ మీద కూడా ఒక కన్ను వేసి ఉంచు

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మా చిన్నమ్మాయికి, మీ పెద్దమ్మ దీవించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి విషయమంతా చెప్పింది. నీ కవలల్లో చిన్నవాడికి రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఇంకా ఐసీయూలోనే ఉన్నాడనీ, పెద్దవాణ్ణి మాత్రం ఇంటికి పంపించారనీ, అయినా వాణ్ణి మీ అమ్మ వెంట ఊరికి పంపకుండా ఆసుపత్రి పక్కనే గది అద్దెకు తీసుకుని, ఇద్దరినీ నువ్వూ అల్లుడుగారే చూసుకోవాలని నిశ్చయించుకున్నారనీ తెలిసింది. ఆపరేషన్ కుట్లు ఇంకా పూర్తిగా మానని మనిషివి, ఎలా నెగ్గుకొస్తావో అని గుండె దడదడలాడింది. ఆ వెంటనే, మా పిల్లకు ఇంత తెగువ ఎక్కడిదని గర్వమూ కలిగింది. నేను నీకు నచ్చజెప్పి పెద్దవాణ్ణి ఊరికి పంపేలా చేస్తానని మీ అమ్మ ఆశ పెట్టుకుంది. నేను ఆ పని చేయను. ముప్పై నాలుగు వారాలకే పుట్టి, రెండు కిలోలైనా లేని బిడ్డకు నీ పాలూ నీ ఒంటి వెచ్చదనమూ దొరికే చోటే సరైన చోటు.

రిపోర్టు రాకముందే యాంటీబయాటిక్ ఎందుకు మొదలుపెట్టారని మీ అమ్మ అనుమానపడుతోంది. ఆమెకు నెమ్మదిగా చెప్పు. రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్ష ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, పసిబిడ్డ ఒంట్లో ఇన్‌ఫెక్షన్ అన్నాళ్ళు ఆగదు. వెన్నునీరు తీసి చూస్తామంటే సంతకం పెట్టడానికి అల్లుడుగారు వెనకాడారని కూడా విన్నాను. వెన్నుపాము ముగిసిన చోటుకు దిగువన సూది వేస్తారు కాబట్టి కాళ్ళు పడిపోతాయన్న భయం అక్కరలేదు. మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ పాకిందా లేదా అన్నది దానివల్లే తేలుతుంది, మందు ఎన్నాళ్ళు ఇవ్వాలన్నదీ దాన్నిబట్టే నిర్ణయిస్తారు. నాన్న అయినవాడు భయపడడం తప్పు కాదు, కానీ ఆ భయంతో పరీక్షను వాయిదా వేయవద్దని నా మాటగా చెప్పు.

చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి, గాజులూ ఉంగరాలూ తీసి పెట్టండి. పాలసీసా వద్దు, ఉగ్గుగిన్నెను ప్రతిసారీ కడిగి మరిగించి వాడండి. పెద్దవాణ్ణి వార్డు వరండాల్లోకి తీసుకుపోవద్దు. రెండు మూడు గంటలకొకసారి, రాత్రిపూట కూడా, పాలు పిండు. చిన్నవాడికి గొట్టంలో పోసేది రెండు మిల్లీలీటర్లే అయినా అది నీ పాలే కావాలి. మొదట్లో గిన్నె అడుగు కూడా తడవకపోతే ఏడవకు, పిండేకొద్దీ పడతాయి.

ఇక నేను అసలు రాయాలనుకున్నది రాస్తాను. మా కవలల్లో పెద్దదైన మీ పెద్దక్కకు పసితనంలో జ్వరం వచ్చి ఎడమ చెవి వినికిడి పోయిందని మన ఇంట్లో అందరూ అనుకుంటారు. చిన్నప్పుడు నువ్వు దాని ఎడమ పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటే, అది నిన్ను లేపి కుడి పక్కకు మార్చుకునేది, నువ్వు అలిగేదానివి. ఆ చెవి ఎలా పోయిందో నేను మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

1989లో, మురమళ్ళ దగ్గర మా ఊళ్ళో, కవలలు పుట్టిన మూడో వారానికి చిన్నదానికి న్యుమోనియా పట్టుకుంది. దాన్ని తీసుకుని పదకొండు రోజులు కాకినాడ ఆసుపత్రిలో ఉన్నాను. పెద్దది పుష్టిగా ఉంది కదా అని మా అత్తగారి దగ్గర వదిలేశాను, అది ఆ పదకొండు రోజులూ నీళ్ళు కలిపిన ఆవుపాలతో గడిపింది. చిన్నదాన్ని ఇంటికి తెచ్చుకున్నాక నా కళ్ళు దాని ఛాతీ మీదే ఉండేవి. ఎన్ని సార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. ఉయ్యాలలో పెద్దది నిద్రపోతూనే ఉంది. చూడవచ్చినవాళ్ళతో, "ఇది బంగారు తల్లి, చెల్లెలికి ఒంట్లో బాగులేదని తెలిసినట్టు ఏడవనైనా ఏడవడం లేదు" అని నా నోటితో నేనే అన్నాను. పాలు మా అత్తగారు పట్టి ఉంటారని నేనూ, నేను పట్టి ఉంటానని ఆవిడా అనుకున్నాం. ఉగ్గుగిన్నె ఖాళీగా కనిపించింది కాబట్టి తాగిందనే అనుకున్నాం, కానీ ఆ పాలన్నీ చెంప మీదుగా జారి, చెవి కింద వేసిన పాత చీరగుడ్డలో ఇంకిపోయాయి. ఆ గుడ్డ తడిని కూడా నేను చూశాను. కక్కిందేమో అనుకుని, మడత తిప్పి మళ్ళీ వేశాను.

మూడో రోజు సాయంత్రం నర్సమ్మ చిన్నదాన్ని తూచడానికి వచ్చి, వెళ్ళబోతూ ఉయ్యాలలో చెయ్యి పెట్టింది. పెద్దదాని పాదం ముట్టుకుంది, తరవాత పొట్ట ముట్టుకుంది, తన చిటికెన వేలు దాని నోట్లో పెట్టింది. అది చప్పరించలేదు. డిసెంబరు చలి రోజులు అవి. "పొట్ట కూడా చల్లగా ఉందమ్మా, ఇది నిద్ర కాదు" అంది. దాన్ని నా రవికెలో ఒంటికి ఆనించి, పైన దుప్పటి చుట్టి నన్ను జీపు ఎక్కించింది. ఇప్పుడు ఎదుర్లంక దగ్గర గోదావరి మీద వంతెన ఉంది, అది 2002లో వచ్చింది. అప్పుడు పంటు మీదే, అంటే మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ మీదే, గౌతమి పాయ దాటాలి. పంటు అవతలి ఒడ్డున, యానాం వైపు ఉంది. దాని దీపం ఇటు కదిలేదాకా రేవులో నిలబడి, బిడ్డ ముక్కు దగ్గర నా చెంప పెట్టి ఊపిరి తగులుతోందా లేదా అని చూసుకున్నాను. తగిలేది, ఆగేది, మళ్ళీ తగిలేది. కాకినాడ చేరాక మెదడు పొరల దాకా ఇన్‌ఫెక్షన్ పాకిందని తేల్చారు. మూడు వారాల మందులతో బిడ్డ దక్కింది, ఒక చెవి దక్కలేదు.

ఆ తరవాతే నేను అంగన్‌వాడీలో చేరాను. 1978లో కొలంబియా దేశపు బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలను తల్లి గుండెల మీద కట్టి కాపాడిన డాక్టర్ల గురించి ఒక శిక్షణలో చెబుతుంటే, ఆ సాయంత్రం నర్సమ్మ నా చేత చేయించినది అదేనని తెలిసి బయటికి వెళ్ళి ఏడ్చాను. ఆ పని నువ్వొక్కతివే చేయనక్కరలేదు. నువ్వు ఐసీయూకు వెళ్ళినప్పుడల్లా అల్లుడుగారు చొక్కా విప్పి, పెద్దవాణ్ణి టోపీ, డైపరుతో తన ఛాతీ మీద నిలువుగా పడుకోబెట్టుకుని దుప్పటి కప్పుకోవాలి. మెడ వంగి ముక్కు మూసుకుపోకుండా చూసుకుంటే చాలు.

అందుకే చెబుతున్నాను, నెల తక్కువ బిడ్డ ఏడవకుండా పడుకుంటే మంచివాడని మురిసిపోవద్దు. వాడు నిద్రలో ఉన్నా మూడు గంటలు దాటకుండా లేపి పాలు పట్టండి. పాదాలు చల్లబడి పొట్ట వెచ్చగా ఉంటే వెంటనే ఒంటికి హత్తుకోండి, పొట్ట కూడా చల్లబడితే ఒంటికి హత్తుకుని అలాగే ఆసుపత్రికి పరుగెత్తండి. ఊపిరి నిండు నిమిషం లెక్కపెట్టి, 60 దాటితే మరోసారి లెక్కపెట్టండి. అప్పుడూ 60 దాటినా, డొక్కలు లోపలికి గుంజుకుంటున్నా, చంకలో థర్మామీటరు 37.5 డిగ్రీల సెల్సియస్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ చూపినా, 35.5 కన్నా తగ్గినా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా, కదిలిస్తే తప్ప కదలకపోయినా, పాలు తాగకపోయినా, మందు కోసం మీ అమ్మకు ఫోన్ చేయకు, నాకూ చేయకు. తెల్లవారేదాకా ఆగకు. నడిస్తే రెండు నిమిషాల దూరంలో ఆసుపత్రి ఉంది, అందుకే కదా ఆ గది తీసుకున్నావు.

ఒక నోటుపుస్తకం కొనండి. ఎడమ పేజీ పెద్దవాడిది, కుడి పేజీ చిన్నవాడిది. ఎన్ని గంటలకు, ఎవరు, ఎన్ని మిల్లీలీటర్లు పట్టారో, తడి డైపర్లు ఎన్నో పట్టినవాళ్ళే రాయాలి. "తాగాడు" అని రాయవద్దు, ఎంత తాగాడో రాయండి. మాకు అలాంటి పుస్తకం ఒకటి ఉండి ఉంటే, మూడు రోజుల పాటు పెద్దదాని పేజీ ఖాళీగా ఉందని ఎవరికో ఒకరికి కనిపించేది.

నెల తక్కువ బిడ్డల కంటిపాపల వెనక రక్తనాళాలు పూర్తిగా ఎదిగి ఉండవు, కనుక పుట్టిన నెల రోజులలోపు రెటీనా పరీక్ష చేయించాలి. ఐసీయూలో ఉన్నవాడికి వాళ్ళే చేస్తారు. ఇంటికి వచ్చేసినవాడి సంగతి ఎవరూ గుర్తు చేయకపోవచ్చు, వాణ్ణి నువ్వే తీసుకువెళ్ళు. వినికిడి పరీక్ష ఇద్దరికీ చేయించు. నాకోసం చేయించు.

బారసాల వాయిదా వేయండి, ఎవరు ఏమనుకున్నా సరే. మీ అమ్మ సాంబ్రాణి తెస్తుంది, ఆముదం తెస్తుంది, వసకొమ్ము తెస్తుంది. తల్లి మనసు, తిట్టవద్దు. తీసుకుని లోపల పెట్టు. ఆ పొగ వాళ్ళ ఊపిరితిత్తులకు పడదు, నోట్లో నీ పాలూ డాక్టరు రాసిన చుక్కలూ తప్ప మరేదీ పడకూడదు.

అమ్మా, ఒకడి దగ్గర ఉన్నప్పుడు రెండోవాడికి అన్యాయం చేస్తున్నానని నీకు అనిపిస్తూనే ఉంటుంది. ఇద్దరి తల్లికి ఆ బాధ తప్పదు, అది నీ తప్పు కాదు. కానీ కుట్ల దగ్గర ఎర్రబడినా, జ్వరం వచ్చినా, కాన్పయి రెండు వారాలు దాటాక కూడా ఊరికే ఏడుపు వస్తున్నా దాచుకోకుండా డాక్టరమ్మకు చెప్పు.

గురువారం రాత్రి గౌతమి రైల్లో బయలుదేరుతున్నాను. రాత్రి రెండు గంటలకు నువ్వు పిండిన పాలు పెద్దవాడికి పట్టే పని నాకు వదిలెయ్యి, పుస్తకంలో నేనే రాస్తాను. ఉత్తరం పోస్టులో ఆలస్యమవుతుందని, పెద్దక్కే ఈ కాగితాలను ఫోటోలు తీసి నీకు పంపుతుంది. అంటే నీకన్నా ముందు అదే చదువుతుంది. చదవనీ.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ