రొమాన్స్, ఫాంటసీ ఆడియోబుక్స్ మధ్యలో వదిలేయకుండా వినాలంటే ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్న ఇది: అచ్చులో ఇష్టంగా చదివే రకం పుస్తకాలే ఆడియోలో మొదలుపెడితే రొమాన్స్ విసుగొచ్చింది, ఫాంటసీ తలకెక్కలేదు. లోపం పుస్తకంలో ఉందా, వినడంలో ఉందా?

ఎక్కువసార్లు రెండింట్లోనూ ఉండదు, ఎంచుకున్న పద్ధతిలో ఉంటుంది. రొమాన్స్ ఆడియో గొంతు దగ్గర దెబ్బతింటుంది. ఫాంటసీ ఆడియో పేర్ల దగ్గర దెబ్బతింటుంది. అందుకని రెండింటినీ ఒకే రకంగా ఎంచుకుని, ఒకే రకంగా వింటే కుదరదు.

ముందు రొమాన్స్. ఈ పుస్తకాల్లో కథ ఎలా ముగుస్తుందో మొదటి పేజీ నుంచే తెలుసు. వినేది ఆ ఇద్దరూ మాట్లాడుకునే తీరు కోసం. కానీ కొనేముందు దొరికే శాంపిల్ మహా అయితే ఐదు నిమిషాలు. అదీ చాలావరకు పుస్తకం మొదట్లోది, అంటే వర్ణనే ఎక్కువ. వర్ణన బాగా చదివేవాళ్లు చాలామంది ఉన్నారు, సంభాషణ దగ్గరే తేలిపోతారు. శాంపిల్‌లో ఇద్దరి మాటలూ వినపడకపోతే అదే నరేటర్ చదివిన వేరే పుస్తకం శాంపిల్ వినండి. గొడవపడే సన్నివేశం దొరికితే ఇంకా మంచిది.

ఏం వినాలో చిన్న ఉదాహరణతో చెప్తాను. మొదటి మాట అతనిది, రెండోది ఆమెది.

"వెళ్లిపోయావనుకున్నాను."
"వెళ్దామనే అనుకున్నాను."

రెండో మాటకు ముందు అర సెకను ఆగితే, ఆమె ఏం చెప్పాలో తేల్చుకుంటోందని తెలుస్తుంది. ఆగకుండా వెంటనే వస్తే జవాబు ముందే సిద్ధంగా ఉంది, అది దెప్పిపొడుపు అవుతుంది. రాసింది ఒకటే, అర్థం రెండు. ఇంకోటి కూడా గమనించండి. అచ్చులో వాక్యం చదువుతుండగానే చివరనున్న 'అంది', 'అన్నాడు' కంటికి ముందే ఆనుతుంది. చెవికి ఆ వెసులుబాటు లేదు. మాట పూర్తయ్యాక గానీ ఎవరిదో తెలియదు. కాబట్టి మొదటి అక్షరంలోనే మనిషిని పోల్చుకునేలా చదవగలగాలి. అలాగని నాయిక మాట రాగానే గొంతు సన్నం చేసి పలికే మగ నరేటర్, నాయకుడి మాటకు గొంతు బొంగురు చేసే ఆడ నరేటర్ నా లెక్కలో పనికిరారు. పది గంటలు అది భరించలేం. బాగా చదివేవాళ్లు స్థాయిని కొద్దిగానే మారుస్తారు. తేడా అంతా వేగంలో, ఊపిరిలో, మాట చివర విరుపులో చూపిస్తారు.

ఇద్దరు నరేటర్లు అని రాసి ఉన్నా అందులో రెండు రకాలున్నాయి. డ్యూయల్ నరేషన్‌లో నాయిక వైపు అధ్యాయం ఆమె, నాయకుడి వైపు అధ్యాయం అతను చదువుతారు. ఎవరి అధ్యాయంలో వాళ్లే ఎదుటివాళ్ల మాటలూ చదువుతారు. డ్యూయెట్‌లో అలా కాదు, ఏ అధ్యాయమైనా నాయిక మాటలన్నీ ఆమె గొంతులోనే, నాయకుడివన్నీ అతని గొంతులోనే వస్తాయి. వినడానికి డ్యూయెట్ గొప్పగా అనిపిస్తుంది. కానీ చాలాసార్లు ఇద్దరూ వేర్వేరు చోట్ల రికార్డు చేస్తారు, తర్వాత కలుపుతారు. కలపడం సరిగా లేకపోతే ఒకరి గది మోత ఇంకొకరికి ఉండదు, ప్రతి జవాబుకీ ముందు ఒకే కొలత ఖాళీ పడుతుంది. అది పట్టుబడ్డాక చెవి ఇక దాన్నే వింటుంది. 'నేను' అంటూ ఇద్దరూ వంతులవారీగా చెప్పే కథకైతే డ్యూయల్ చాలు. అలాంటి కథ ఒక్కరే చదివితే మాత్రం అధ్యాయం మొదట్లో చెప్పే పేరు జారవిడిచామంటే ఐదు నిమిషాలదాకా ఆ 'నేను' ఎవరో తెలియదు.

మీకు విసుగు రావడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. కొన్ని యాప్‌లలో నిశ్శబ్దాన్ని కత్తిరించే సెట్టింగ్ ఉంటుంది. వార్తలకు, ఇంటర్వ్యూలకు ఫర్వాలేదు గానీ రొమాన్స్‌కు అది శత్రువు. పైన చెప్పిన ఆ అర సెకనునే అది మింగేస్తుంది. ముందు దాన్ని ఆపేయండి. స్పీడ్ కూడా 1.1 దాటించకండి. గుసగుసలున్న సన్నివేశాలు బస్సులో, వంటింటి మోతలో వినపడవు. వాల్యూమ్ పెంచితే ఆ వెంటనే వచ్చే అరుపు చెవి పగలగొడుతుంది. నిశ్శబ్దంగా ఉన్నచోటికి వాటిని దాచుకోండి. శృంగారం ఎంత బాహాటంగా ఉందో వివరాల్లో ముందే చూసుకోండి, ఫోన్ దానంతటదే కారు స్పీకర్‌కు కనెక్ట్ అయ్యే అలవాటుంటే మరీను.

ఇక ఫాంటసీ. ఇక్కడ గొంతు కంటే ముందు పేర్లు. కన్ను పేరును ఆకారంతో గుర్తుపెట్టుకుంటుంది, పలకడం రాకపోయినా సరే. చెవికి శబ్దమొక్కటే దిక్కు. ఒకే అక్షరంతో మొదలయ్యే మూడు పేర్లు అచ్చులో మూడు బొమ్మలు, ఆడియోలో ఒకటే ముద్ద. అందుకే మొదటి గంటలో ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. విన్న పేరును విన్నట్టే రాసి, పక్కన మూడే మాటలు: 'రాజు తమ్ముడు, ఓడల్లో' అన్నంత. ఎనిమిది, పది పేర్లయ్యేసరికి ముఖ్యులు తేలిపోతారు, తర్వాత కాగితం అక్కర్లేదు. వీలైతే మొదటి అధ్యాయం అచ్చులోనో శాంపిల్ పేజీల్లోనో ఒకసారి కంటితో చదివి అప్పుడు వినండి. నాకు తెలిసి దీనికి మించిన ఉపాయం లేదు. మ్యాప్, వంశవృక్షం కొన్ని ఆడియోబుక్స్‌తో పీడీఎఫ్‌గా వస్తాయి. పుస్తకం కొన్న యాప్‌లోనో సైట్‌లోనో మీ లైబ్రరీ పేజీలో వెతకండి, చాలామంది అది ఉందనే గమనించరు.

ప్రోలాగ్ దగ్గర, అంటే మొదటి అధ్యాయానికి ముందు వచ్చే భాగం దగ్గర జాగ్రత్త. అందులో కనిపించే మనుషులు చాలా పుస్తకాల్లో మళ్లీ రారు. వాళ్ల పేర్లు గుర్తుపెట్టుకోవాలని కుస్తీపడి అలిసిపోతారు. వాతావరణం కోసం ఒకసారి వినేయండి, మూడో అధ్యాయం అయ్యాక వెనక్కి వెళ్లి మళ్లీ వినండి. అప్పుడు అర్థమవుతుంది.

మంచి ఫాంటసీ నరేటర్ ఒక్కో ప్రాంతానికి ఒక యాస కేటాయిస్తారు, మ్యాప్ చేసే పని అదే చేసిపెడుతుంది. ఆ యాసలు చివరిదాకా నిలవాలి. 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' అనే ఫాంటసీ నవల ఆడియోలో నరేటర్ రాయ్ డాట్రిస్ ఒక్కరే 224 పాత్రలకు గొంతిచ్చి గిన్నిస్ రికార్డు సాధించారు. అంతటివారు కూడా ఆ సిరీస్‌లో ఏళ్ల తర్వాత చదివిన భాగాల్లో కొన్ని పాత్రల గొంతు, కొన్ని పేర్ల ఉచ్చారణ మార్చేశారు, శ్రోతలు ఇబ్బందిపడ్డారు. అందుకే పెద్ద సిరీస్ మొదలుపెట్టేముందు అన్ని భాగాలకూ నరేటర్ ఒకరేనా అని చూడండి. చివరి భాగం శాంపిల్‌ను మొదటిదాని పక్కన పెట్టి వినండి.

నిడివి లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఇంగ్లీషు నరేటర్లు గంటకు సుమారు 9,000 మాటలు చదువుతారు. 90,000 మాటల రొమాన్స్ అంటే 10 గంటలు. 3 లక్షల మాటల ఫాంటసీ అంటే 33 గంటలు, 1.25 స్పీడ్‌లో 26 గంటలకు పైనే. రోజుకు గంట వినేవాళ్లకు అది దాదాపు నెల. మధ్యలో నాలుగు రోజులు మానితే పేర్లన్నీ పోతాయి. కాబట్టి మొదటి ఐదు గంటలు రెండుమూడు రోజుల్లోనే వినేయండి, తర్వాత నెమ్మదించినా ఫర్వాలేదు. వివరాల్లో 'అబ్రిడ్జ్‌డ్' అని ఉంటే అది కుదించిన ప్రతి. ఫాంటసీలో దాని జోలికి పోవద్దు.

సంగీతం, కత్తుల చప్పుడు కలిపిన నాటకీకరణలు వేరే రకం. వాటిని 1.0 లోనే వినాలి, స్పీడ్ పెంచితే సంగీతం చెడుతుంది.

నిద్రకు ముందు వినేవాళ్లు స్లీప్ టైమర్ 15 నిమిషాలకు పెట్టుకోండి. 30 పెడితే మర్నాడు ఎక్కడ నిద్రపోయారో వెతకడానికే ఐదు నిమిషాలు. రొమాన్స్‌లో కొంత జారినా అందుకోవచ్చు, ఫాంటసీలో ఒక చావు మిస్సయితే పని అయిపోయినట్టే.

ఉచితంగా మొదలుపెట్టాలంటే 2005 నుంచి నడుస్తున్న లిబ్రివాక్స్ ఉంది. కాపీరైట్ తీరిన పాత పుస్తకాలు స్వచ్ఛందంగా చదివిపెడతారు. అధ్యాయానికొకరు చదివినవీ అందులో ఉంటాయి, కాబట్టి 'సోలో' అని ఉన్నదే తీసుకోండి. కంప్యూటర్ గొంతుతో చేసినవి మాత్రం రొమాన్స్‌లో వద్దు. కోపానికీ అలకకూ చాలావాటిలో తేడా సరిగా వినపడదు.

రొమాన్స్, ఫాంటసీ రెండూ కలిసిన పుస్తకమైతే మొదటి రెండు గంటలు ఫాంటసీలా కాగితంతో, తర్వాత రొమాన్స్‌లా స్పీడ్ తగ్గించి వినండి. వదిలేయడానికి గడువు అడుగుతారేమో: రొమాన్స్‌లో ఆ ఇద్దరి మొదటి పొడవాటి సంభాషణ అయ్యేదాకా, ఫాంటసీలో మూడు గంటలదాకా. అప్పటికీ చెవి వేరే ఎటో పోతుంటే ఆ పుస్తకం అచ్చులో చదువుకోండి.