లెన్స్ కొనబోయే మేనకోడలికి

చి. స్నిగ్ధకు,

మామయ్య ఆశీస్సులు. నీ నికాన్ డీ5600 కెమెరా అమ్మేసి ఫుల్‌ఫ్రేమ్ బాడీ (వెలుతురు పట్టే సెన్సర్ ఇంకా పెద్దగా ఉండే కెమెరా, లెన్స్ లేకుండా) కొంటానంటున్నావు. డబ్బు తీసే ముందు నీ ఫొటోలనే ఓసారి అడుగు. ఈ ఏడాది తీసినవాటిలో నచ్చిన మూడొందలు ఒక ఫోల్డర్‌లో వేసి, ఒక్కోటి ఏ ఫోకల్ లెంగ్త్‌లో (ఈ మి.మీ. అంకె పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి), ఏ ఐఎస్ఓలో (వెలుతురు తగ్గితే పెంచే అంకె) పడిందో చూడు. డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ వివరాలు కనిపిస్తాయి. సగానికి సగం నీ 18-55 లెన్స్ చివరి కొస, 55 దగ్గరే ఉంటే నీకు కావలసింది ఇంకా దూరం లాగే లెన్స్. సాయంత్రం ఫొటోలన్నీ ఐఎస్ఓ 6400లో గరుకుగా ఉంటే వెలుతురు ఎక్కువ పట్టే లెన్స్. రెండు జబ్బులకీ ముందు బాడీ మార్చడం మందు కాదు. పైగా నీ 18-55 కిట్ లెన్స్ (కెమెరాతో వచ్చింది) డీఎక్స్ రకం, అంటే నీ కెమెరాలాంటి చిన్న సెన్సర్ కోసం చేసింది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్‌కి దాన్ని తగిలిస్తే సెన్సర్ నడిమి భాగమే పనిచేసి, మిగిలేవి 10 మెగాపిక్సెళ్లే. అంటే బాడీతో పాటు లెన్సులూ మళ్లీ కొనాలి. ఆ సంగతి బేరం కుదిరేదాకా ఎవరూ ఎత్తరు.

ఎక్కువ ఫొటోలు 18 దగ్గర ఉన్నాయని మాత్రం వైడ్ లెన్స్‌కి (ఇంకా వెడల్పుగా చూపేదానికి) పరుగెత్తకు. చార్మినార్ కింద నిలబడి కెమెరా పైకెత్తితే మినార్లు లోపలికి వాలతాయి. అది లెన్స్ తప్పు కాదు, కెమెరా వంచడం వల్ల వచ్చింది. గుల్జార్ హౌజ్ వైపు వెనక్కి నడిచి 35 దగ్గర తీసి చూడు, వాలు చాలావరకు పోతుంది.

చార్మినార్ పక్క గాజుల బజారు, లాడ్‌బజార్ రాత్రుల కోసమైతే లెక్క ఇదీ. 55 దగ్గర నీ కిట్ లెన్స్ ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ లెన్స్ రంధ్రం పెద్దదవుతుంది). ఎఫ్/1.8 లెన్స్ దాదాపు పదింతల వెలుతురు లోపలికి వదులుతుంది కాబట్టి ఐఎస్ఓ 6400 చోట 640 సరిపోతుంది. లెన్స్‌లో వణుకు తగ్గించే వీఆర్ ఉందిగా అంటావేమో. అది నీ చేతి వణుకుకి పనికొస్తుంది, గాజులు తొడిగే ఆవిడ చేతి కదలికకి కాదు. షట్టర్ వేగం 1/125 సెకను కంటే తగ్గించకు. ఎఫ్/1.8లోనూ ఓ చిక్కుంది: 50 మి.మీ. లెన్స్‌తో మీటరున్నర దూరంలో ఉన్న మనిషిని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు ఆరేడు సెంటీమీటర్లే. కన్ను పదునుగా పడితే చెవి మసక. ఎఫ్/2.8కి దిగితే పది సెంటీమీటర్లవుతుంది. 50 నీ కెమెరా చిన్న సెన్సర్ మీద, ఫుల్‌ఫ్రేమ్ మీది 75 లాగా చూపిస్తుంది, ఆ గల్లీలో వెనక్కి జరగడానికి చోటెక్కడిది? నా ఓటు 35 ఎఫ్/1.8 డీఎక్స్‌కే.

సెకండ్‌హ్యాండ్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అన్న అక్షరాలున్నాయా అని ముందు చూడు, లెన్స్‌లోనే ఫోకస్ మోటర్ ఉందనడానికి అవే గుర్తు. నీ బాడీలో ఫోకస్ మోటర్ లేదు. 50 ఎఫ్/1.8డీ చవగ్గా దొరుకుతుంది గానీ నీ కెమెరా మీద ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. అమీన్‌పూర్ చెరువు పక్షుల కోసం 70-300 అడిగితే ఇంకో ఉచ్చు: ఏఎఫ్ 70-300 ఎఫ్/4-5.6జీ. చివర 'జీ' ఉన్నా, ముందున్నది ఒట్టి 'ఏఎఫ్' కాబట్టి మోటర్ ఉండదు. ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 తీసుకో, అందులోనూ వీఆర్ ఉన్నదీ లేనిదీ రెండు రకాలు. వీఆర్ ఉన్నదే కొను.

చూసేటప్పుడు తొందరపడకు. లెన్స్ వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి ఏటవాలుగా కొట్టి ముందు నుంచి చూడు. నాలుగు దుమ్ము రేణువులు ఏమీ చెయ్యవు. సాలెగూడులాంటి దారాలు కనబడితే అది ఫంగస్, అక్కడితో బేరం ఆపెయ్. శుభ్రం చేయించినా అది వదిలే ఆమ్లం కోటింగ్‌ని తినేసిన మచ్చ పోదు. వెనక ఉన్న చిన్న మీట నొక్కి వదిలితే అపర్చర్ రేకులు (వెలుతురు వచ్చే రంధ్రాన్ని మూసేవి) టక్కున మూసుకోవాలి, బద్ధకంగా కదిలితే నూనె పట్టినట్టు. మౌంట్ (కెమెరాకి తగిలే వెనక రింగ్) స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారు. ఫిల్టర్ రింగ్ నొక్కుకుని ఉంటే కిందపడింది.

తర్వాత నీ కెమెరాకే తగిలించి, పేపర్‌ని ఏటవాలుగా ఉంచి, ఒక వరస మీద వ్యూఫైండర్‌లోంచి ఫోకస్ చేసి ఎఫ్/1.8లో తియ్యి. పై వరసో కింది వరసో పదునుగా వస్తే ఫోకస్ ముందుకో వెనక్కో జారుతోంది. దాన్ని సరిదిద్దే ఫైన్‌ట్యూన్ డీ5600 మెనూలో లేదు. లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ తీస్తే) ఆ తేడా రాదని దుకాణదారు సముదాయిస్తాడు. అది నిజమే, కానీ ప్రతి ఫొటోకీ లైవ్ వ్యూ పెడతావా?

ఇక అసలు శత్రువు వానాకాలం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా లెన్స్‌ని తోలు కేసులో పెట్టకు, తోలు తేమ పట్టుకుంటుంది. గాలి చొరబడని పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పావు కిలో, తేమ కొలిచే ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ పెట్టు. దాని అంకె 40-50 శాతం మధ్య ఉంటే చాలు. 60 దాటితే జెల్ ఆరబెట్టే వేళయింది: 120 డిగ్రీల ఓవెన్‌లో గంటా రెండు గంటలు. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ ఉంటుంది, వంట గిన్నెల దగ్గరికి రానివ్వకు. నారింజ రంగుది కొను. అది ఆకుపచ్చకి తిరిగితే తడిసినట్టు.

ఏసీ గదిలోంచి జులై ఉక్కలోకి వెళ్లగానే అద్దం మీద ఆవిరి పడుతుంది. కెమెరాని బ్యాగులోనే మూసి అరగంట ఉంచు. ఆ అరగంటలో లెన్స్ మాత్రం విప్పకు.

మీ మామయ్య,
హైదరాబాద్