పెద్దవయసులో కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినే ముప్పు ఎవరికి ఎక్కువ?

మీ నాన్నగారికి 74 ఏళ్లని, సుగర్, బీపీ రెండూ ఉన్నాయని, వచ్చే వారం సీటీ స్కాన్ కోసం నరంలోకి మందు ఎక్కిస్తే కిడ్నీలు పాడవుతాయేమోనని భయంగా ఉందని రాశారు. స్కాన్ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆయనకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయా, ఉంటే వాటికి ఏం మింగుతున్నారు అన్నది చూడండి. మా తిరుపతి చుట్టుపక్కల పెద్దవాళ్ల కిడ్నీలను ఉన్నట్టుండి పడగొట్టేది సుగర్ కన్నా ఎక్కువగా నొప్పి మాత్రేనని నా గట్టి నమ్మకం. మా ఇంట్లో చూశాను, మా వీధిలోనూ చూశాను.

మా అత్తగారికి అప్పటికి 72 ఏళ్లు. బక్కపలచటి మనిషి. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉన్న మాత్ర ఏళ్ల తరబడి వేసుకుంటున్నారు. ఒక మే నెలలో మా ఆడపడుచు కూతురి పెళ్లి తిరుచానూరులో జరిగింది. బయట 40 డిగ్రీలు దాటిన ఎండ. మనవరాలి పెళ్లి కదా, ఆమె ఒకచోట కూర్చోలేదు. నీళ్లూ సరిగా తాగలేదు. ఎందుకు తాగలేదో ఆడవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మరుగుదొడ్లు మండపం వెనకాల, మెట్లు దిగి వెళ్లాలి. నేలంతా తడి. అన్నీ గొంతుక్కూర్చునేవే. మోకాళ్లు వంగని మనిషి అక్కడికి వెళ్లడం కన్నా నాలుక ఎండినా ఓర్చుకోవడమే నయమనుకుంటుంది. పూల అలంకరణకు లక్షలు పోసేవారు, పెద్దవాళ్లు పట్టుకుని లేవడానికి గోడకు ఒక కడ్డీ, కుర్చీలా కూర్చునే దొడ్డి ఒకటైనా ఉందా అని మండపం మాట్లాడుకునేటప్పుడు ఎందుకు అడగరో నాకు అర్థం కాదు. చిత్తూరు నుంచి వేలూరు ఆసుపత్రికి బస్సెక్కే పెద్దమ్మలను చూడండి, ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించేస్తారు.

పెళ్లయ్యాక ఆమెకు మోకాళ్లు వాచాయి. ఒక షాపు నుంచి మాత్రలు తెప్పించుకున్నారు. తగ్గకపోతే ఇంకో షాపు నుంచి వేరే మాత్రలు వచ్చాయి. ఈలోగా పెళ్లి భోజనం పడక విరేచనాలు పట్టుకున్నాయి. తిండి లేదు, నీళ్లు లేవు, బీపీ మాత్ర మాత్రం ఒక్క పూట మానలేదు. మానకూడదని డాక్టరు చెప్పారు కాబట్టి మానలేదు. నేను చూడటానికి వెళ్లేసరికి మంచం మీద ముడుచుకుని ఉన్నారు. నన్ను మా ఆడపడుచు పేరుతో పిలిచారు. రాత్రి నుంచి బాత్రూమ్‌కి లేవనేలేదని మా మామగారు చెప్పారు, అదీ నేను అడిగితే. అప్పటికప్పుడు ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడపోసి బయటికి పంపేయాల్సిన వ్యర్థం, 5.6 ఉంది. చాలా ఎక్కువ. పొటాషియం కూడా పెరిగింది.

అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, ఈ మధ్య ఏయే మాత్రలు వేసుకున్నారు?" అని. ఆమె చేతిసంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి మంచం మీద కుమ్మరించారు. అన్నీ కత్తెరతో కత్తిరించిన తునకలే. ఒకదాని మీద 'ఫెనాక్' అన్న తోక మాత్రమే మిగిలింది. ఆయన రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి అతికినట్టు చూసి అసెక్లోఫెనాక్ అని తేల్చారు. ఇంకోటి ఇబుప్రోఫెన్. రెండూ ఒకే జాతి (ఎన్‌ఎస్‌ఏఐడీ) నొప్పి మందులు. "ఒకటి కాళ్లకు, ఇంకోటి ఒళ్లు నొప్పులకు అనుకున్నాను సార్, వేరేవి అయితే నేనేమీ వేసుకోలేదు" అన్నారు ఆమె. ఆమె తప్పేముంది? ఇలాంటి మాత్రల్లో చాలావాటి స్ట్రిప్పు మీదే ఎర్రటి గీత, డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదన్న హెచ్చరిక ఉంటాయి. నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చేటప్పుడు ఆ హెచ్చరిక, మందు పేరు, గడువు తేదీ అన్నీ షాపులోనే ఉండిపోతాయి. ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

ఆ రోజు డాక్టరు ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. కిడ్నీలో ఒక్కో వడపోత గుత్తికి రక్తం లోపలికొచ్చే సన్నని నాళం ఒకటి, బయటికెళ్లే నాళం ఒకటి ఉంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ లోపలికొచ్చే దాన్ని వెడల్పు చేసుకుని, బయటికెళ్లే దాన్ని బిగించుకుని ఒత్తిడి నిలుపుకుంటుంది. నొప్పి మాత్ర ఆ మొదటిదాన్ని వెడల్పు కానివ్వదు. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటివి రెండోదాన్ని బిగించుకోనివ్వవు. హైడ్రోక్లోరోథయాజైడ్‌లా మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు ఉన్న నీటిని ఇంకా తగ్గిస్తుంది. మూడూ కలిశాయంటే వడపోత ఆగిపోయే దాకా రావచ్చు. బీపీ మాత్రలు మామూలు రోజుల్లో మేలు చేసేవే, టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటివైతే సుగర్ ఉన్నవారి కిడ్నీలను కాపాడేవే. ఎండ, విరేచనాలు, నొప్పి మాత్ర వచ్చి చేరిన వారమే ప్రమాదం. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున బీపీ మాత్ర, సుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ వేసుకోవాలా, ఆపాలా అన్నది మీ డాక్టరును ఒంట్లో బాగున్నప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. మీ అంతట మీరు ఆపొద్దు.

"మా అమ్మకు క్రియాటినిన్ 1.1, నార్మలే" అని నిశ్చింతగా ఉండేవాళ్లు నాకు చాలామంది తెలుసు. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. వయసుతో కండ కరిగిపోతుంది కాబట్టి కిడ్నీ నీరసించినా ఆ అంకె చిన్నగానే కనిపిస్తుంది. ఇప్పుడు డాక్టర్లు వాడే లెక్క ప్రకారం అదే 1.1 ఉంటే 30 ఏళ్ల మగవాడి వడపోత సామర్థ్యం 90 పైమాటే, 72 ఏళ్ల ఆడమనిషిది 53 దగ్గర. 60 లోపు మూడు నెలలు దాటి ఉంటే కిడ్నీ జబ్బు కిందే లెక్క. అయినా రిపోర్టులో ఆ 1.1 పక్కన ఏ గుర్తూ ఉండకపోవచ్చు. అందుకే పాత రిపోర్టులు పారేయకండి. 48 గంటల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతిన్నట్టేనని 2012 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పాత అంకె లేకపోతే పెరిగిందో లేదో ఎవరు చెప్పగలరు?

కిడ్నీ జబ్బు అనగానే మనవాళ్లకు శ్రీకాకుళం ఉద్దానం గుర్తొస్తుంది. అది ఏళ్ల మీద వచ్చేది. ఇది రోజుల్లో వస్తుంది. పైగా చాలాసార్లు నొప్పి ఉండదు. నడుము నొప్పి లేదు కదా, కిడ్నీలు బాగున్నట్టేనని అనుకోవడం తప్పు. మూత్రం తగ్గడం, వికారం, మత్తు, మాట తడబడటం చూడాలి. పెద్దవాళ్లకు దాహం కూడా సరిగా తెలియదు, కాబట్టి వాళ్లు అడిగితే ఇద్దామని కూర్చోకండి. గుండె బలహీనంగా ఉన్నవారికి మాత్రం ఎన్ని నీళ్లు ఇవ్వాలో డాక్టరు కొలత చెబుతారు, అంతే ఇవ్వాలి.

అలిపిరిలో మెట్లెక్కే ముందు నొప్పి మాత్ర వేసుకునే పెద్దలను చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. 3,550 మెట్లు, చెమట, ఖాళీ కడుపు, పైన ఆ మాత్ర. మొక్కు ఉంటే బస్సులో వెళ్లి తీర్చుకున్నా స్వామి కాదనడు.

నొప్పి మాత్రలతోనే అంతా అయిపోలేదు. పాత కిడ్నీ జబ్బు, గుండె, లివర్ జబ్బులు, ఒంటికంతటికీ పాకిన ఇన్ఫెక్షన్, పెద్ద ఆపరేషన్, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి సూది మందులు, మగవారిలో ప్రోస్టేట్ వాచి మూత్రం ఆగిపోవడం, ఇవన్నీ ముప్పే.

మా అత్తగారికి సెలైన్ పెట్టి, ఆ మాత్రలన్నీ ఆపి, రోజూ మూత్రం కొలిచారు. డయాలసిస్ దాకా పోలేదు. క్రియాటినిన్ మెల్లగా దిగింది కానీ 1.4 దగ్గరే నిలిచిపోయింది. మోకాళ్లకు ఇప్పుడు ఆ జాతికి చెందని పారాసిటమాల్, కాపడం, ఫిజియోథెరపీ వాళ్లు నేర్పిన వ్యాయామం.

ఇక మీ స్కాన్. ఆ మందుతో ముప్పు ఒకప్పుడు భయపడినంత లేదంటున్నారు. వడపోత సామర్థ్యం 30 లోపు ఉన్నవారి విషయంలోనే ప్రధానంగా జాగ్రత్త పడతారు. ఈ వారమే క్రియాటినిన్ చేయించి ఆ లెక్క కట్టమనండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, కత్తిరించిన తునకలతో సహా, ఒక సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి. స్కాన్‌కు ముందూ వెనకా ఆయన నొప్పి మాత్ర వేసుకోకుండా చూడండి, పక్కింటివారు ప్రేమగా తెచ్చిచ్చినా సరే.