టవర్లన్నీ వచ్చేశాక వైర్‌లెస్‌లో రీసెర్చ్ ఎందుకు?

ప్రశ్న: మాది రాయగడ. హార్డ్‌వేర్ షాపు ఉంది. మా అమ్మాయి బి.టెక్. ఈసీఈ మూడో సంవత్సరం పూర్తిచేసింది. గేట్ రాసి ఎం.టెక్. చేస్తానని, ఆ తర్వాత వైర్‌లెస్ కమ్యూనికేషన్స్‌లో రీసెర్చ్ చేస్తానని అంటోంది. 5జీ కూడా వచ్చేసింది కదా, ఇంకా కనిపెట్టడానికి ఏముంటుంది? హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది తొమ్మిది నెలల ఏఐ కోర్సులో చేర్చమంటున్నాడు. ఫీజు రెండున్నర లక్షలు. బాబు వైజాగ్‌లో ఇంటర్ చదువుతున్నాడు, వాడి ఫీజులకే కిందామీదా పడుతున్నాం. పైగా మేము ఒడిశావాళ్లమని ఆంధ్ర, తెలంగాణల్లో సీటు రాదంటున్నారు. అమ్మాయికి ఇరవై ఒకటి నిండింది, సంబంధాలూ వస్తున్నాయి. రెండు దారులనూ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు.

జవాబు: ఇలాంటి ఉత్తరాలు బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, జయపురం నుంచి వస్తూనే ఉంటాయి. కోర్సు పేరు మారుతుంది, బావమరిది స్థానంలో తోడల్లుడో పక్కింటాయనో ఉంటాడు. పైకి అడిగేది కోర్సు గురించి. లోపలి భయం మాత్రం, అందరి పిల్లలూ సంపాదిస్తుంటే మీ పిల్ల ఇంకా చదువుతోందేమిటని నలుగురూ అడుగుతారని. సరిహద్దులో ఉన్న మన తెలుగువాళ్లకు దానికి తోడు ఇంకో దిగులు: అటు వెళితే నాన్ లోకల్, ఇటు ఉంటే ఒడియా అంతంతమాత్రం.

ఆ రెండో దిగులు ముందు తీసి పక్కన పెట్టండి. లోకల్, నాన్ లోకల్ గొడవ బి.టెక్.లోనూ, రాష్ట్రాల కాలేజీల్లోనూ ఉంటుంది. ఎన్ఐటీల్లో ఎం.టెక్. సీట్లకు సొంత రాష్ట్రం కోటా లేదు, గేట్ స్కోరే చూస్తారు. ఐఐటీల్లోనూ అంతే. అదే స్కోరుతో మీ రాష్ట్రంలోని రూర్కెలా ఎన్ఐటీకీ, భువనేశ్వర్ ఐఐటీకీ అప్లై చేయొచ్చు, వరంగల్‌కూ ఐఐటీ హైదరాబాద్‌కూ చేయొచ్చు. తరగతి గదిలో ఒడియాతో పని లేదు.

ఇక డబ్బు. ఈ లెక్క మీరు తలకిందులుగా వేశారు. గేట్ స్కోరుతో ప్రభుత్వ సంస్థలో ఎం.టెక్. చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) స్థాయి ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. మీ బావమరిది చెప్పిన కోర్సుకు మీరే రెండున్నర లక్షలు కట్టాలి. ఖర్చు భరించలేమని మీరు వద్దంటున్నది డబ్బులిచ్చే దారిని, సేఫ్ అంటున్నది డబ్బులు తీసుకునే దారిని.

ఒక మాట కటువుగా అంటాను, ఏమీ అనుకోవద్దు. ఉత్తరంలో బావమరిది మాట ఉంది, సంబంధాల మాట ఉంది, అమ్మాయి మాట ఒక్క వాక్యం. ఆమెకు ఏ సబ్జెక్టు ఇష్టమో, ప్రాజెక్టు ఏం చేసిందో రాయలేదు. తెలిసి ఉండదు, అడిగి ఉండరు. బాబును ఇంటర్‌కి వైజాగ్ పంపేటప్పుడు ఎంతమందిని సలహా అడిగారు? వాడి ఫీజు ఇంటి బాధ్యత, ఈమె చదువు మాత్రం చర్చించాల్సిన విషయమా? వచ్చే సంబంధాలు ఎం.టెక్. పూర్తయ్యాక కూడా వస్తాయి. అప్పుడు ఎవరిని చేసుకోవాలో చెప్పే ధైర్యం ఆమెకు ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. మీకు టెన్షన్ అదే అయితే దానికి నా దగ్గర మందు లేదు.

సరే, కనిపెట్టడానికి ఇంకేముంది అన్నారు. రాయగడ నుంచి నియమగిరి కొండల వైపు వెళ్లేటప్పుడు ఫోన్ చూసుకోండి. ఒక్కోచోట సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, కాల్ మాత్రం కలవదు. ఎందుకంటే ఆ గీతలు టవర్ మాట ఫోన్‌కు ఎంత బాగా వినిపిస్తోందో చెబుతాయి, ఫోన్ మాట టవర్‌కు వినిపిస్తోందో లేదో చెప్పవు. టవర్ పదుల వాట్ల పవర్‌తో పంపుతుంది. ఫోన్ పంపగలిగేది సుమారు 0.2 వాట్లు. సంతలో మైకు పట్టుకున్నవాడి మాట చివరి అంగడి దాకా వినిపిస్తుంది, అక్కడి నుంచి మీరు అరిస్తే అతనికి వినపడదు. ఇదీ అలాంటిదే. ఫోన్ పవర్ పెంచేద్దామంటే బ్యాటరీ ఒప్పుకోదు, ఆరోగ్య భద్రతా పరిమితులూ ఒప్పుకోవు. మిగిలింది ఒకటే. ఫోన్ పంపే తరంగం ఆకారాన్నే మార్చాలి. 4జీ, 5జీ తరంగాల్లో ఉన్నట్టుండి ఎత్తైన శిఖరాలు వస్తాయి. ఆ శిఖరాలను తట్టుకోవడానికి ఫోన్‌లోని యాంప్లిఫయర్ తన పూర్తి బలం వాడకుండా వెనక్కి తగ్గి పనిచేస్తుంది. శిఖరాలను తగ్గిస్తే అదే ఫోన్, అదే బ్యాటరీతో ఇంకొంచెం దూరం వినిపిస్తుంది.

ఈ పనిమీద గట్టిగా కూర్చున్నవాళ్లలో ఐఐటీ హైదరాబాద్, చెన్నైలోని వైర్‌లెస్ పరిశోధన సంస్థ సీవిట్ పరిశోధకులు ఉన్నారు. 5జీని పరీక్షించే పరిస్థితుల్లో టవర్‌కూ టవర్‌కూ మధ్య 6 కిలోమీటర్ల దూరం ఉండే పల్లెలను కూడా చేర్చాలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ దగ్గర పట్టుబట్టింది మన దేశమే. ఆ పట్టుదలలోంచే 5జీఐ అనే మన ప్రమాణం వచ్చింది, తర్వాత అది ప్రపంచమంతా వాడే మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ ప్రమాణాల్లో కలిసింది. యూరప్‌లోని నగరంలో కూర్చున్నవాడికి ఈ ప్రశ్న తట్టడం కష్టం. మీ అమ్మాయి ఆ సమస్య మధ్యలోనే పెరిగింది.

ఇది ఒక్కటే కాదు. ఫైబర్ వేయలేని కొండ ఊళ్లలో టవర్లను మైక్రోవేవ్ లింకులతో, అంటే వైరు లేకుండా రేడియో తరంగాలతో కలుపుతారు. ఫ్రీక్వెన్సీ 10 గిగాహెర్ట్జ్ దాటిన కొద్దీ వాన దెబ్బ పెరుగుతుంది. నెట్‌వర్కింగ్ వైపు చూస్తే, ఇంటర్నెట్ రద్దీని ఎలా అదుపు చేయాలన్న ప్రశ్నకు వాన్ జాకబ్‌సన్ 1988లో పేరున్న జవాబు ఇచ్చాడు. 2016లో గూగుల్ బీబీఆర్ పేరుతో వేరే జవాబు ఇచ్చింది. ఆ రెండు పద్ధతులూ ఒకే లైన్ మీద నడిస్తే ఎవరి వాటా ఎంత అని ఇప్పటికీ పేపర్లు వస్తున్నాయి. దారిలో పాడైన డేటాను సరిదిద్దే ఎల్‌డీపీసీ కోడ్‌లను గాలగర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1960ల మొదట్లోనే రాశాడు. వాటిని నడిపే కంప్యూటర్లు అప్పట్లో లేక ముప్పై ఏళ్లకు పైగా దాదాపు అందరూ మరిచిపోయారు. ఇవాళ ప్రతి 5జీ ఫోన్ డేటా వాటి మీదే నడుస్తోంది.

మరి పని దొరుకుతుందా అంటారా? 2025 సెప్టెంబర్ 27న మీ రాష్ట్రంలోని ఝార్సుగూడలోనే బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని ప్రారంభించారు. దాని కోర్, అంటే నెట్‌వర్క్‌ను నడిపే కేంద్ర భాగం, ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్‌ది, రేడియో పరికరాలు తేజస్ నెట్‌వర్క్స్‌వి, అన్నింటినీ కలిపింది టీసీఎస్. పరికరాలు బయట కొనుక్కునే దేశానికి టవర్ ఎక్కేవాళ్లు చాలు, సొంతంగా చేసుకునే దేశానికి లోపలి లెక్కలు తెలిసినవాళ్లు కావాలి. క్వాల్‌కామ్, మీడియాటెక్, శాంసంగ్, నోకియా మన దేశంలో పెద్ద ఆఫీసులే నడుపుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉద్యోగాలు ఇక్కడ ఉండవు, అది దాచను. సీ, సీ++ ప్రోగ్రామింగ్ చేతిలో లేకుండా వస్తే ఉన్నవి కూడా దక్కవు.

ఇప్పుడు మీ అమ్మాయి వినాల్సిన మాట. రీసెర్చ్ అంటే 6జీ అని ఆమె అనుకుంటుంటే నాకు అనుమానాలు ఉన్నాయి. 6జీ ఎలా ఉండాలో చెప్పే చట్రాన్ని ఐటీయూ 2023 నవంబర్‌లో ఇచ్చింది, 2030 నాటికి వస్తుందని అంచనా. 3జీపీపీలో పని రిలీజ్ 20 (ప్రమాణాల 20వ విడత) కింద అధ్యయనంగా మొదలైంది, అసలు ప్రమాణం ఆ తర్వాతి రిలీజ్‌లో. అంటే ఇంకా పుట్టనిదానికి బయట సర్టిఫికెట్ కోర్సులు అమ్ముతున్నారు. వాటికి ఒక్క రూపాయి కట్టవద్దు. కొన్నేళ్ల కిందట 6జీ అంటే టెరాహెర్ట్జ్, అంటే అతి ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు అన్నారు. గోడ అడ్డం వస్తే ఆగిపోయే, కొద్ది మీటర్లకే నీరసించే ఆ తరంగాలతో ఊళ్లకు సిగ్నల్ ఇవ్వలేమని తెలుస్తూనే ఉంది, ఇప్పుడు కంపెనీల చూపు 7 నుంచి 15 గిగాహెర్ట్జ్ మధ్యకు దిగింది. సిగ్నల్‌ను కావలసిన వైపు తిప్పే తెలివైన గోడల మీద కుప్పలుగా పేపర్లు వచ్చాయి. గదిలో సిగ్నల్ వెళ్లే ప్రతి దారీ ముందే తెలుసని అనుకుని రాసినవి వాటిలో చాలా ఉన్నాయి. 5జీ వచ్చేటప్పుడు దూరం నుంచి ఆపరేషన్లు, డ్రైవర్ లేని కార్లు అని ఊదరగొట్టారు. 2022 అక్టోబర్ నుంచి మన చేతికి వచ్చింది ప్రధానంగా వేగమైన డేటా.

ఏఐ కలిపిన వైర్‌లెస్ పేపర్లు మరీ ఎక్కువ. కంప్యూటర్‌లో తయారుచేసిన సిగ్నళ్ల మీద మోడల్‌ను నేర్పించి, కావాలనే బలహీనమైన పాత పద్ధతిని పక్కన పెట్టి, 'మాది గెలిచింది' అని గ్రాఫ్ గీస్తారు. నిజమైన టవర్ మీద పెట్టి చూసినవారు తక్కువ. అందరూ ఇలా కాదు, కానీ గైడ్‌ను ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఇదే. ఆ ల్యాబ్‌లో కొలిచే పరికరాలు ఉన్నాయా, విద్యార్థులు బయటికి వెళ్లి కొలుస్తారా, పేపర్లు సిమ్యులేషన్ దగ్గరే ఆగుతాయా? వెబ్‌సైట్ చూసి తెలుసుకోలేరు. అక్కడ చదువుతున్న సీనియర్‌కు ఫోన్ చేయాలి.

పోల్చి చెప్పమన్నారు కదా. రెండు దారులకూ పునాది ఒకటే: ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, కోడింగ్. ఇవి గట్టిగా వస్తే ఎం.టెక్. తర్వాత కూడా ఏఐ వైపు వెళ్లొచ్చు. తొమ్మిది నెలల కోర్సు నుంచి వైర్‌లెస్ రీసెర్చ్‌కు రావడం కష్టం. ఆ కోర్సులో చెప్పేదాంట్లో చాలా భాగం ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంతకన్నా పట్టిక వేయను.

రీసెర్చ్ ఆమెకు పడుతుందో లేదో ఈ సెలవుల్లోనే తేలిపోతుంది. నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను చూపించే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్ పెట్టి ఇంట్లో వైఫై ప్యాకెట్లు చూడమనండి. కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్‌ను నడిపి చూసే ఎన్ఎస్-3 సాఫ్ట్‌వేర్ ఉచితం, ఒక చిన్న నెట్‌వర్క్ కట్టి గ్రాఫ్ గీయమనండి. ఫోన్‌లో సిగ్నల్ బలం చూపించే యాప్ వేసుకుని కాశీపూర్ బస్సులో వెళ్లి వస్తూ ఎక్కడ ఎంత పడిందో రాసుకోమనండి, షాపు ఒకరోజు మూసి మీరూ వెంట వెళ్లండి. వచ్చిన గ్రాఫ్ తాను అనుకున్నట్టు లేకపోతే ఆమె చిరాకు పడుతుందా, ఎందుకని తవ్వుతుందా చూడండి. చిరాకు పడితే తప్పేమీ లేదు, ఈసీఈతో ఉద్యోగాలు వేరే ఉన్నాయి.

గేట్‌లో స్కోరు సరిపోకపోతే ఖాళీగా ఉందని ఏదో కాలేజీలో ఎం.టెక్.లో చేర్చకండి, ల్యాబ్ లేని ఎం.టెక్. రెండేళ్ల కాలక్షేపం. పీహెచ్‌డీ అయితే ఐదేళ్లు పడుతుంది, లెక్చరర్ పోస్టులు తక్కువ, ఆ నిర్ణయం ఇప్పుడే అక్కర్లేదు. టెలికాం టెస్టింగ్‌లోనో, ప్రోటోకాల్ సాఫ్ట్‌వేర్‌లోనో ఏదైనా ఉద్యోగం దొరికితే చేరమనండి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఉద్యోగం చేస్తూనే మళ్లీ రాయొచ్చు, పాత స్కోరుతో మళ్లీ అప్లై చేయొచ్చు.