జార్జియానా, ఆర్మేనియానా? ఆడపిల్లను పంపే ముందు

ప్రశ్న: నీట్ స్కోరుతో మా అమ్మాయికి ఇక్కడ సీటు రాదు. కన్సల్టెన్సీ వాళ్లు జార్జియా అంటున్నారు, మా బావమరిదేమో ఆర్మేనియా మేలంటున్నాడు. చుట్టూ యుద్ధాలే కదా, ఏది సేఫ్? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి సార్. ఆర్మేనియా, అజర్‌బైజాన్ 2020లో 44 రోజులు యుద్ధం చేసుకున్నాయి, 2023 సెప్టెంబరులో ఆ రెండిటి మధ్య గొడవకు కారణమైన నాగోర్నో కరబఖ్ ప్రాంతం నుంచి లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చేశారు, నిజమే. కానీ 2025 ఆగస్టు 8న ఆ రెండు దేశాలే వాషింగ్టన్‌లో శాంతి ఒప్పందానికి ప్రాథమికంగా ఒప్పుకున్నాయి. అంతకు రెండు నెలల ముందు ఇరాన్‌లో బాంబులు పడుతుంటే ఉర్మియాలో చదివే మన పిల్లల్ని క్షేమంగా తెచ్చింది ఆర్మేనియా మీదుగానే. జార్జియాకు రష్యాతో యుద్ధం 2008 నాటి మాట; జార్జియా నుంచి విడిపోయి రష్యా అండతో నడుస్తున్న అబ్ఖాజియా, దక్షిణ ఒసేషియాల వైపు వెళ్లకపోతే చాలు. ఇక జార్జియా రాజధాని టిబిలిసిలో గొడవలంటారా, యూరోపియన్ యూనియన్‌లో చేరే చర్చలు 2028 దాకా వద్దని 2024 నవంబరులో ప్రధాని ప్రకటించాక పార్లమెంటు ముందు రుస్తవేలి రోడ్డు మీద రాత్రిళ్లు జనం చేరారు, పోలీసులు నీళ్ల ఫిరంగులు వాడారు. అమ్మాయి ఆ గుంపుల దగ్గరికి వెళ్లకుండా, వీడియోలు తీయకుండా ఉంటే ఆమె జోలికి ఎవరూ రారు.

నా అనుమానమల్లా ఈ జార్జియా మోజు మీదే. ప్రభుత్వ యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థుల అడ్మిషన్లు, కొన్ని మినహాయింపులు తప్ప, ఆపేస్తామని 2025 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. కన్సల్టెన్సీ వాళ్లు ఈ ముక్క మీకు చెప్పారా? చిన్న దేశంలో రాజకీయం అటూ ఇటూ అయితే రూల్స్ కూడా అంతే తొందరగా మారతాయి, మనవైపు ఎన్‌ఎంసీ (జాతీయ మెడికల్ కమిషన్) 2021 రూల్సేమో కోర్సూ ఇంటర్న్‌షిప్పూ ఒకే కాలేజీలో పూర్తి చేయాలంటాయి. మధ్యలో కాలేజీ మారాల్సి వస్తే ఏమవుతుందో 2022లో యుద్ధంతో చదువు మధ్యలో వదిలి వచ్చేసిన యుక్రెయిన్ పిల్లల్ని చూశాం కదా.

ఇంకోమాట, కోపం తెచ్చుకోకండి. యుద్ధాల గురించి ఇంత అడిగారు, చదువు గురించి ఒక్క ప్రశ్న లేదేం? వార్డులో ముసలావిడ కడుపు పట్టుకుని జార్జియన్‌లో ఏదో చెబుతుంటుంది, మనమ్మాయి అర్థంకాక తలూపి పక్క మంచానికి వెళ్లిపోతుంది. అలా చదివొచ్చి, విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు ఇక్కడ పాసవ్వాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష ఎలా గట్టెక్కుతుంది? 2025 జూన్‌లో ఆ పరీక్ష రాసినవాళ్లలో ఐదోవంతు కూడా పాసవలేదు. లక్షలకు లక్షలు కట్టేది మీరు, ఆ మాత్రం కనుక్కోవద్దా?

రెండు దేశాల్లో ఏదంటే, పేషెంట్లున్న సొంత ఆస్పత్రి ఏ కాలేజీకి ఉంటే అది. అక్కడి భాష మొదటి ఏడాది నుంచే గట్టిగా నేర్చుకోమనండి. ఫీజు కట్టే ముందు, అక్కడ నాలుగో ఏడాది చదువుతున్న తెలుగమ్మాయి ఎవరితోనైనా మీ అమ్మాయిని మాట్లాడనివ్వండి, మీరు పక్కన కూర్చోకుండా.